బోటులో టాయిలెట్ మురుగు బేలో పడకుండా చూసుకోవడం ఎలా: చెసాపీక్‌లో తిరిగే తెలుగు కుటుంబాల కోసం

పాత సెయిల్ బోటు కొన్న కొత్తలో ఇంజిన్ ఆయిల్ గురించి, తెరచాప తాళ్ళ గురించి, లంగరు గురించి కనబడిన ప్రతివాళ్ళనీ అడిగాను. టాయిలెట్ గురించి మాత్రం ఎవరినీ అడగలేదు. అడగడానికి మొహమాటం. ఆ మొహమాటం వల్లే మొదటి వేసవిలో రెండుసార్లు ఇబ్బంది పడ్డాను. ఒకసారి ఎనిమిదిమంది చుట్టాలు బోటులో ఉండగా ట్యాంకు నిండిపోయింది. మేరీలాండ్, వర్జీనియాల్లో ఉంటూ చెసాపీక్ బే అనే అఖాతం మీద వీకెండ్ బోటింగ్ మొదలుపెట్టిన తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. మీకు ఆ ఇబ్బంది రాకూడదని ఇది రాస్తున్నాను. వేరే రాష్ట్రంలో ఉన్నా పని చేసే పద్ధతి ఇదే. స్థానిక నిబంధనలు మాత్రం ఒకసారి చూసుకోండి.

ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోండి

బోటులో టాయిలెట్‌ని ఇక్కడ హెడ్ అంటారు. నేనూ అదే మాట వాడతాను. అమెరికాలో దీనికి మూలం క్లీన్ వాటర్ యాక్ట్‌లోని 312వ సెక్షన్. తీరం నుంచి 3 నాటికల్ మైళ్ళ లోపు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్ల లోపు, శుద్ధి చేయని మలమూత్రాలను నీళ్ళలోకి వదలకూడదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చెసాపీక్ బే చాలా పెద్దది, పొడవు దాదాపు 200 మైళ్ళు. కొన్నిచోట్ల మధ్యలో నిలబడితే ఏ ఒడ్డూ దగ్గరగా అనిపించదు. "ఒడ్డు మూడు మైళ్ళకంటే దూరంగానే ఉందిగా, వదిలేస్తే ఏం?" అని ఒక స్నేహితుడు నన్ను అడిగాడు. ఆ మూడు మైళ్ళు కొలిచేది పక్కనున్న ఒడ్డు నుంచి కాదు. బే ముఖద్వారం దగ్గర కేప్ చార్లెస్, కేప్ హెన్రీల మధ్య గీసిన గీత నుంచి సముద్రంవైపు కొలుస్తారు. అంటే బే మొత్తం ఆ గీతకి లోపలే ఉంది. బేలో ఏ మూలకి వెళ్ళినా శుద్ధి చేయని మురుగు వదలడానికి వీల్లేదు. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం టెన్షన్ పోతుంది.

హెడ్ శాశ్వతంగా బిగించి ఉన్న బోటుకి కోస్ట్ గార్డ్ ధ్రువీకరించిన పరికరం ఉండాలి. వీటిలో మూడు రకాలున్నాయి. మొదటి రెండూ మురుగుని శుద్ధి చేసి బయటికి వదులుతాయి. మొదటి రకం నుంచి వచ్చే నీళ్ళలో 100 మిల్లీలీటర్లకు మల సంబంధ బ్యాక్టీరియా 1,000కి మించకూడదు, తేలే ఘనపదార్థం కనబడకూడదు. రెండో రకానికి ఆ పరిమితి 200. మూడో రకం ఏదీ బయటికి వదలదు, అంతా దాచి ఉంచుతుంది. దాన్నే హోల్డింగ్ ట్యాంక్ అంటాం. 65 అడుగులు, అంతకంటే చిన్న బోట్లకి ఈ మూడింట్లో ఏదైనా సరే.

శుద్ధి చేసే పరికరం ఉంది కదా అని ఎక్కడైనా వదిలేయవచ్చనుకోకండి. నో డిశ్చార్జ్ జోన్ అని ప్రకటించిన నీళ్ళలో శుద్ధి చేసినదైనా వదలకూడదు. మేరీలాండ్‌లో హెర్రింగ్ బే, ఓషన్ సిటీ వెనకాల ఉన్న ఉత్తర కోస్టల్ బేలు 2002 నుంచి అలాంటివే. రోడ్ ఐలాండ్ రాష్ట్రం 1998లోనే తన నీళ్ళన్నిటినీ ఈ జోన్‌గా చేసుకుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని పూజెట్ సౌండ్‌కి 2018లో ఆ హోదా వచ్చింది. బయటి నుంచి బోట్లు వచ్చిపోయే దారిలేని మంచినీటి సరస్సుల్లో, రిజర్వాయర్లలో కూడా శుద్ధి చేసిన మురుగు వదలడం నిషేధం. జోన్ల జాబితా ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా ఉంటుంది. కొత్త చోటికి వెళ్ళేముందు ఐదు నిమిషాలు అది చూడండి.

నా సలహా ఏమిటంటే, బేలో వీకెండ్ తిరిగే కుటుంబానికి హోల్డింగ్ ట్యాంకే మేలు. అందులో లెక్క తేలిక. ఏదీ బయటికి పోదు, అంతే.

మొదటి పని: మీ పైపులు ఎటు పోతున్నాయో చూసుకోండి

వాడిన బోటు కొన్నవాళ్ళు ఈ పని తప్పకుండా చేయాలి. టార్చిలైటు పట్టుకుని హెడ్ దగ్గర మొదలుపెట్టి, బయటికి పోయే లావు పైపు వెంట చేత్తో తడుముతూ వెళ్ళండి. చాలా పాత బోట్లలో మధ్యలో ఇంగ్లీషు వై అక్షరంలాంటి వాల్వ్ ఒకటి వస్తుంది. దాని హ్యాండిల్ ఒకవైపు తిప్పితే మురుగు ట్యాంకులోకి పోతుంది, ఇంకోవైపు తిప్పితే నేరుగా నీళ్ళలోకి పోతుంది. బోటు అడుగున పైపు బయటికి వెళ్ళేచోట సీకాక్ అనే వాల్వ్ ఉంటుంది. కొన్నిటిలో ట్యాంకు నుంచి నీళ్ళలోకి తోడే ఎలక్ట్రిక్ పంపు కూడా ఉంటుంది. అది దూరంగా సముద్రంలోకి వెళ్ళేవాళ్ళ కోసం పెట్టింది. ఒక కాగితం మీద ఈ దారంతా బొమ్మ గీసి, హెడ్ తలుపు లోపలివైపు అంటించండి.

రెండో పని: వాల్వ్ మూసేసి, తెరవడానికి వీల్లేకుండా కట్టేయండి

వాల్వ్ మూసి ఉన్నంత మాత్రాన చట్టానికి సరిపోదు. ఎవరూ పొరపాటున తిప్పలేకుండా భద్రం చేయాలి. హోల్డింగ్ ట్యాంకు ఉన్న బోటుకి నిబంధనల్లో మూడు పద్ధతులు స్పష్టంగా చెప్పారు. వాల్వ్ మూసి హ్యాండిల్ తీసేయడం ఒకటి. మూసి ఉంచి తాళం వేయడం ఇంకొకటి. మూడోది, కోస్తే తప్ప ఊడని జిప్ టై అనే ప్లాస్టిక్ పట్టీతో వాల్వ్‌ని మూసి కట్టేయడం. నేను వాడేది జిప్ టై. ఎర్ర రంగుది వాడండి, చూడగానే కనబడుతుంది. మార్కెట్లో దొరికే మళ్ళీ విప్పగలిగే రకం నిబంధనకి సరిపోదు, ఊడని రకమే కొనండి.

కోస్ట్ గార్డ్ గానీ రాష్ట్ర నేచురల్ రిసోర్సెస్ పోలీసులు గానీ బోటు ఎక్కి తనిఖీ చేస్తే లైఫ్ జాకెట్లతోపాటు ఇది కూడా చూడవచ్చు. చూపించమంటే కంగారు పడకండి. హెడ్ తలుపు తీసి, ఆ ఎర్ర జిప్ టై చూపించి, పక్కన అంటించిన బొమ్మ చూపించండి. దాంతో వాళ్ళకు కావాల్సింది దొరుకుతుంది.

మూడో పని: ట్యాంకు ఎన్నిసార్లకు నిండుతుందో లెక్క వేయండి

ఇది మన ఇళ్ళకు ప్రత్యేకమైన విషయం. ఇంగ్లీషులో రాసిన బోటు పుస్తకాల్లో మీకు దొరకదు.

మా బోటు ట్యాంకు 15 గ్యాలన్లు, అంటే దాదాపు 57 లీటర్లు. చేతి పంపుతో ఒక్కోసారికి సుమారు రెండు లీటర్లు పోతుందనుకుంటే 28 సార్లకు నిండుతుంది. కానీ మనవాళ్ళు నీళ్ళతో కడుక్కుంటారు. మగ్గుతో ఇంకో లీటరు కలిస్తే 19 సార్లే. ఆరుగురు మనుషులు, మనిషికి రోజుకి ఐదుసార్లు అనుకోండి, ముప్పై. శనివారం పొద్దున బయల్దేరితే సాయంత్రం దాకా కూడా ట్యాంకు ఆగదు. మా చుట్టాలు వచ్చినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే.

కడుక్కోవడం మానమని పెద్దవాళ్ళకి చెప్పలేం, చెప్పకూడదు కూడా. దానికి నేను చేసిన ఏర్పాటు ఏమిటంటే, మగ్గు తీసేసి అర లీటరు పట్టే మెత్తటి ప్లాస్టిక్ బాటిల్ పెట్టాను. మూతకి సన్నటి ముక్కు ఉంటుంది, నొక్కితే ధారగా వస్తుంది. అర లీటరుతో పని శుభ్రంగా అయిపోతుంది. రెండోది, బయల్దేరే ముందు మెరీనాలో (బోట్లు కట్టి ఉంచే చోట) రెస్ట్ రూముకి అందరినీ పంపిస్తాను. మూడోది, మధ్యాహ్నం భోజనానికి ఒడ్డున ఆగే ఊరు ఎంచుకుంటాను. సెయింట్ మైకేల్స్ గానీ రాక్ హాల్ గానీ ఆగితే అక్కడ ఇంకో విరామం దొరుకుతుంది.

నాలుగో పని: బోటు ఎక్కగానే హెడ్ గురించి అందరికీ చెప్పండి

లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చెప్పినంత మామూలుగా చెప్పండి. మీరు సిగ్గుపడితే వాళ్ళు ఇంకా ఎక్కువ సిగ్గుపడతారు. ఏమైనా తేడా జరిగినా నోరు విప్పరు. మా అత్తగారికి నేను చెప్పేది ఇలా ఉంటుంది: "అత్తయ్యా, ఇది ఇంట్లో ఫ్లష్ లాంటిది కాదు. ఈ మీట ఇటు పెట్టి, ఈ పిడి పదిహేనుసార్లు పైకీ కిందకీ కొట్టాలి. మీ కడుపులోంచి వచ్చింది తప్ప అందులో ఇంకేమీ వేయకూడదు. గట్టిగా అనిపిస్తే బలం పెట్టొద్దు, నన్ను పిలవండి, ఏం పర్లేదు." ఒకసారి విన్నాక ఆవిడే మిగతా ఆడవాళ్ళకి చెప్పేసింది.

పదిహేనుసార్లు ఎందుకంటే, గిన్నె ఖాళీ అయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. మురుగు పైపు పొడవునా ప్రయాణించి ట్యాంకులో పడాలి. మధ్యలో ఆగిపోతే పైపు లోపల గట్టిపడుతుంది, వాసన కూడా అక్కడినుంచే మొదలవుతుంది. మీ పైపు పొడవుని బట్టి ఎన్నిసార్లు కొట్టాలో చూసి ఆ అంకె గోడమీద రాయండి.

వెట్ వైప్స్ విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. ప్యాకెట్ మీద ఫ్లష్ చేయవచ్చని రాసి ఉన్నా వేయకూడదు, అవి నీళ్ళలో కరగవు. ఒక్కటి వెళ్ళినా పంపు దగ్గర జోకర్ వాల్వ్ అనే చిన్న రబ్బరు ముక్కలో ఇరుక్కుంటుంది. అప్పుడు లంగరు వేసిన చోటే పంపు విప్పాల్సి వస్తుంది. నేను విప్పాను. ఎండలో గంటన్నర పట్టింది. ఆ తర్వాత హెడ్‌లో మూత ఉన్న చిన్న చెత్తబుట్ట, దాంట్లో జిప్ సంచులు పెట్టాను. పేపరు కూడా అందులో వేయమంటే ఇంకా మంచిది. ట్యాంకులోకే వెళ్ళాలంటే ఆర్‌వీల (లోపల ఇల్లులాంటి ఏర్పాట్లుండే పెద్ద బళ్ళ) కోసం అమ్మే తేలికగా కరిగే పేపరు కొనండి. పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు అన్నీ సంచిలోకే.

ఇంకో ముఖ్యమైన సంగతి. పని అయ్యాక నీళ్ళు లోపలికి వచ్చే వాల్వ్ మూసేయాలి. హెడ్ గిన్నె నీటి మట్టానికి కిందుగా ఉన్న బోట్లలో నీళ్ళు సైఫన్‌లాగా తమంతట తామే లోపలికి వస్తూనే ఉంటాయి. మనుషులు లేనప్పుడు బోట్లు ఇలా మునిగిన సందర్భాలున్నాయి. పైపు ఎత్తులో వంపు తిరిగి, గాలి పీల్చే చిన్న వాల్వ్ ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. అది ఉన్నా వాల్వ్ మూయడం మానకండి.

ఐదో పని: పంపౌట్ చేయించుకోండి

మన ఊళ్ళో సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయడానికి లారీ ఇంటికి వస్తుంది కదా. ఇక్కడ బోటే మురుగు తోడే స్టేషన్ దగ్గరికి వెళ్తుంది, దీన్నే పంపౌట్ అంటారు. 1992లో వచ్చిన క్లీన్ వెసెల్ యాక్ట్ కింద ఈ స్టేషన్లు కట్టడానికి ఫెడరల్ ప్రభుత్వం ఖర్చులో 75 శాతం దాకా ఇస్తుంది. ఆ డబ్బు చేపల వేట సామాన్ల మీద, మోటారు బోటు ఇంధనం మీద వసూలు చేసే పన్నుల్లోంచి వస్తుంది. అంటే మనం పోయించుకున్న పెట్రోలు డబ్బే ఇలా తిరిగొస్తోంది. అందుకే చాలాచోట్ల ఉచితంగానో కొద్దిపాటి డబ్బుకో పని అయిపోతుంది. అనాపొలిస్ హార్బర్‌లో అయితే పంపౌట్ బోటే మీ దగ్గరికి వస్తుంది, రేడియోలో పిలిస్తే చాలు. ట్యాంకు మూడొంతుల్లో రెండొంతులు నిండగానే వెళ్ళండి. ఆదివారం సాయంత్రం అందరూ ఒక్కసారే వస్తారు, శుక్రవారమో సోమవారమో ఖాళీగా ఉంటుంది.

స్టేషన్ దగ్గర బోటుని ముందూ వెనకా గట్టిగా కట్టండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. పిల్లల్ని ఇంకోవైపు కూర్చోబెట్టండి. తర్వాత డెక్ మీద మూత తీయాలి. ఇక్కడ తొందరపడకండి. మంచినీళ్ళ మూత, డీజిల్ మూత, మురుగు మూత మూడూ ఒకేలా ఉంటాయి, మీద రాసిన అక్షరాలే తేడా. మంచినీళ్ళ ట్యాంకులో మురుగు గొట్టం పెట్టారంటే ఆ ట్యాంకు మొత్తం క్రిమిరహితం చేసుకోవాల్సిందే. నేను మురుగు మూత చుట్టూ ఎర్ర టేపు, నీళ్ళ మూత చుట్టూ నీలం టేపు వేశాను.

గొట్టం మొనకున్న వాల్వ్ మూసి ఉంచి, రంధ్రంలో గట్టిగా అదిమిపట్టండి. పంపు ఆన్ చేసి, అప్పుడు మెల్లగా వాల్వ్ తెరవండి. గొట్టంలో గాజులాంటి పారదర్శకమైన ముక్క ఉంటుంది, అందులో ముదురు రంగు కదులుతూ కనబడుతుంది. అది పలచబడి గాలి బుడగలు రాగానే వాల్వ్ మూసేయండి. హెడ్ గుండా కొన్ని గ్యాలన్ల నీళ్ళు ట్యాంకులోకి కొట్టి మళ్ళీ తోడండి. ఇలా రెండుసార్లు చేస్తే అడుగున పేరుకున్న బురద కూడా వచ్చేస్తుంది. చివర్లో గొట్టం మొనని శుభ్రమైన నీళ్ళ బకెట్‌లో ముంచి ఆ నీళ్ళు తోడనివ్వండి. మీ తర్వాత వచ్చేవాళ్ళ చేతికి శుభ్రమైన గొట్టం అందుతుంది. మూత బిగించి, డెక్ కడిగి, గ్లవ్స్ చెత్తలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. అక్కడ డెక్ కడగడానికి పెట్టిన గొట్టాన్ని మంచినీళ్ళు పట్టుకోవడానికి ఎప్పుడూ వాడకండి.

తోడుతుంటే మధ్యలో ప్రవాహం ఆగిపోయి, గేజీ మాత్రం ట్యాంకు నిండుగా ఉందని చూపిస్తే వెంటనే పంపు ఆపేయండి. ట్యాంకుకి గాలి అందే సన్నటి వెంట్ పైపు మూసుకుపోయి ఉంటుంది. గాలి అందకుండా బలంగా తోడితే ట్యాంకు గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. సాలెపురుగు గూడో, పొంగి ఎండిన మురుగో అడ్డుపడుతుంది. బోటు పక్కన బయటికి కనబడే వెంట్ రంధ్రంలోకి నీళ్ళ గొట్టంతో వెనక్కి కొడితే మామూలుగా తెరుచుకుంటుంది. నేను ప్రతి పంపౌట్ తర్వాతా ఇది చేస్తాను.

వాసన గురించి

వాసన వస్తుందని బ్లీచ్ పోయకండి. రబ్బరు భాగాలు పాడవుతాయి, మురుగుని విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా చస్తుంది. ట్యాంకులోకి గాలి బాగా ఆడితే ఆక్సిజన్‌తో బతికే బ్యాక్టీరియా పనిచేస్తుంది, వాసన తక్కువగా ఉంటుంది. గాలి ఆడకపోతే కుళ్ళిన గుడ్ల వాసన, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఇది విషవాయువు. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది, కాబట్టి వాసన పోయిందని నిశ్చింతగా ఉండకూడదు. క్యాబిన్‌లో ఆ వాసన తగిలితే అందరినీ పైకి పంపి, కిటికీలూ, డెక్ మీది తలుపులైన హ్యాచ్‌లూ తెరవండి. లీకు ఎక్కడుందో తర్వాత వెతకండి.

పైపే వాసన పీల్చుకుందేమో తెలుసుకోవడానికి సులువైన దారి ఒకటుంది. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో పైపుని రుద్ది, గుడ్డ కాసేపు చల్లారాక వాసన చూడండి. గుడ్డకి వాసన అంటితే పైపు మార్చాల్సిందే, ఏ మందూ పనిచేయదు. రెండు రోజులకు మించి బోటు వదిలి వెళ్తుంటే, సింకులోంచి కొద్దిగా మంచినీళ్ళు హెడ్ గుండా కొట్టి పోండి. పైపులో నిలిచిన ఉప్పునీళ్ళలో చచ్చిన సూక్ష్మజీవుల వల్ల వచ్చే వాసన దాంతో తగ్గుతుంది. నెలకోసారి కొద్దిగా వెనిగర్ పోసి కాసేపు వదిలితే ఉప్పునీళ్ళ వల్ల పేరుకున్న గార కూడా మెత్తబడుతుంది.

చిన్న బోటు ఉన్నవాళ్ళకి

20 అడుగుల బోటులో ట్యాంకు పెట్టే చోటు ఉండదు. పోర్టబుల్ టాయిలెట్ చాలు. ఇది బోటుకి బిగించింది కాదు కాబట్టి కోస్ట్ గార్డ్ ధ్రువీకరణ అక్కర్లేదు. కానీ అందులోది నీళ్ళలో పారబోయడం నేరమే. 5 గ్యాలన్ల డబ్బా నిండితే దాదాపు 20 కిలోలుంటుంది. ఊగే డెక్ మీదినుంచి డాక్‌కి మోయడం తేలిక కాదు, సగం నిండగానే ఖాళీ చేయండి. అలాంటి డబ్బాలు ఖాళీ చేసే చోటు మెరీనాలో వేరుగా ఉంటుంది. మెరీనా రెస్ట్ రూములోని కమోడ్‌లో పోయకండి.

ఎందుకింత జాగ్రత్త

లంగరు వేసిన ప్రశాంతమైన చోట్లు సాధారణంగా లోతు తక్కువ, నీళ్ళు మెల్లగా మారతాయి. పక్క బోటు పిల్లలు అక్కడే ఈదుతుంటారు, మన పిల్లలూ దూకుతారు. బే సగటు లోతు 21 అడుగులే. దాని అడుగున ఆల్చిప్పలున్నాయి. అవి నీళ్ళని వడగట్టుకుని బతుకుతాయి, ఆ నీళ్ళలోని క్రిములు వాటి ఒంట్లో చేరతాయి. మురుగు కలిసిన చోట ఆల్చిప్పలు పట్టకుండా ఆ ప్రాంతం మూసేస్తారు. దాని మీద బతికే కుటుంబాలకి ఆ రోజులు పస్తే. మీ బోటు ఒక్కటే కాదు, ఒక చిన్న కోవ్‌లో (ఒడ్డు లోపలికి వంగిన చోట) శనివారం రాత్రి ముప్పై బోట్లు ఆగుతాయి. ఉల్లంఘనకి చట్టంలో మొదట రాసిన జరిమానా 2,000 డాలర్ల దాకా, అది ద్రవ్యోల్బణంతోపాటు పెరుగుతూ వచ్చింది. కానీ నాకు జరిమానా కంటే ఆ పిల్లలే ఎక్కువ గుర్తుకొస్తారు.

చలికాలం ముందు

బోటు ఒడ్డుకెక్కించే ముందు చివరి పంపౌట్ చేయించి, ట్యాంకు రెండుసార్లు కడిగించండి. తర్వాత గులాబీ రంగులో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్‌ని పంపు గుండా, ట్యాంకు దాకా కొట్టండి. కారులో పోసేది ఇథిలీన్ గ్లైకాల్, అది విషం, దాన్ని వాడకండి. పంపులో నీళ్ళు మిగిలితే జనవరిలో గడ్డకట్టి పంపు పగిలిపోతుంది. వసంతంలో బోటుని మళ్ళీ నీళ్ళలోకి దించే ముందు జోకర్ వాల్వ్ కొత్తది వేయండి, పైపుల క్లాంపులు బిగించండి, సీకాక్ తిరుగుతోందో లేదో ఒకసారి చూడండి. చలికాలం పని కోసం కోసిన పాత జిప్ టై స్థానంలో కొత్త ఎర్రది బిగించాకే బోటుని దించమనండి.